ఇద్దరికీ ఒకటే తాళం

మా వీధిలో బట్టలు కుట్టే ఆవిడను అందరూ కత్తెరమ్మ అంటారు. అసలు పేరు ఒకటి ఉంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళు పోయాక పేరు కూడా వాళ్ళతోనే పోయింది. ఆవిడ మెడలో ఒక నల్లదారానికి చిన్న కత్తెర, దాని పక్కనే ఇంటి తాళంచెవి వేలాడుతుంటాయి. మిషను మీదికి వంగినప్పుడల్లా రెండూ ఒకదానికొకటి తగిలి టింగుమంటాయి. మాది ఎదురిల్లు. ఆ చప్పుడు వినబడితే ఆవిడ ఇంట్లో ఉన్నట్టు, వినబడకపోతే బజారుకు వెళ్ళినట్టు. ఇరుగుపొరుగు సంగతులు పట్టించుకోకూడదని చదువుకున్నవాళ్ళు అంటారు. నేను అయిదో తరగతితో ఆపేశాను, ఆ పాఠం దాకా రాలేదు.

కత్తెరమ్మ బతుకంతా ఎవరో ఒకరికి కాపలా కాయడంతోనే సరిపోయింది. కాపురానికి వచ్చేనాటికే అత్తగారు మంచంలో ఉంది. ఆవిడను సాగనంపిందో లేదో, లారీ తోలే మొగుడు నడుం విరగ్గొట్టుకుని అదే మంచం ఎక్కాడు. మిషను కొన్నది అప్పుడే. మంచం కనబడేటట్టు వరండాలో వేసుకుని, ఒక కన్ను సూది మీద, ఒక కన్ను ఆయన మీద పెట్టి కుట్టేది. ఆయనా పోయాక కూతురు మిగిలింది. ఎదిగిన పిల్లను వదిలి ఎలా వస్తానంటూ గడప దాటేది కాదు. "సినిమాకు పోదాం రావే" అని నేను పిలిచినప్పుడల్లా "ఈసారి వస్తాలే పెద్దమ్మా" అనేది. ఆ 'ఈసారి' కోసం చూసి చూసి సినిమా హాలే మూతపడి బియ్యం గోడౌను అయింది.

కూతురికి పెళ్ళి చేసి, రాత్రంతా బస్సులో కూర్చుంటే గానీ చేరలేని ఊరికి పంపింది. ఇంక హాయిగా తిరుగుతుందిలే అనుకున్నాం. అంతలో సంస్థవాళ్ళు వచ్చి కూతురి గది అద్దెకు అడిగారు.

సంస్థ అంటే, బజారు వెనకాల పాత షెడ్డులో పసిపిల్లలను చూసుకునే చోటు. కూలికి వెళ్ళే తల్లులు పొద్దున్నే పిల్లలను అక్కడ దింపి, సాయంత్రం ఎత్తుకుపోతారు. అక్కడ పనిచేయడానికి దూరదేశాల నుంచి చదువుకునే పిల్లలు వస్తుంటారు. జీతం ఉండదు. పైగా విమానం ఖర్చు వాళ్ళదే. ఇదేం పిచ్చో నాకు ముందు అర్థం కాలేదు. మా ఇళ్ళల్లో పిల్లలను పక్క వీధి దుకాణానికి పొమ్మంటేనే పోరు.

మొదట వచ్చిన పిల్ల ఒక సాయంత్రం నడకకని వెళ్ళి దారి తప్పి, మర్నాడు పొద్దున పాలవాన్ ఎక్కి తిరిగొచ్చింది. సంస్థ మేనేజరు వచ్చి వీధంతా వినేలా కత్తెరమ్మ మీద అరిచాడు. "మీ ఇంట్లో పెట్టామంటే మీదే పూచీ! ఏమన్నా అయితే మేం ఎవరికి చెప్పుకోవాలి?" అని. ఆ రోజే ఆవిడ వరండా కటకటాల తలుపుకు అరచేయంత తాళం కొని తగిలించింది.

రెండోసారి వచ్చిందే ఈ పిల్ల. మొక్కజొన్న పొత్తుకు పీచు ఉంటుంది చూడండి, అచ్చం ఆ రంగు జుట్టు. వీధి పిల్లలు మొదటి రోజే 'పీచు' అని పేరు పెట్టేశారు. మన మాట నేర్చుకునే వచ్చింది గానీ, పుస్తకంలోంచి నేర్చుకుంది. నన్ను చూసి చేతులు జోడించి "మీరు కుశలమా?" అంది. పుట్టి బుద్ధెరిగి నన్నెవరూ అలా అడగలేదు.

"కుశలమేనే తల్లీ, మోకాళ్ళు తప్ప. ఏం చదువుతున్నావు?"

"చిన్నపిల్లలను పెంచుట."

"దానికీ ఒక చదువుందా? నేను అయిదుగుర్ని పెంచాను, ఒక్క పరీక్షా రాయలేదే!"

"అయిదుగురూ పాసయ్యారా?" అంది నవ్వకుండా.

"ముగ్గురు పాసు. ఒకడు తప్పాడు. ఒకత్తి ఇంకా రాస్తూనే ఉంది" అన్నాను. అప్పుడు నవ్వింది. ఆ నవ్వుకే నేను పడిపోయాను. నన్ను అమ్మమ్మా అనమన్నాను, కత్తెరమ్మను పిన్నీ అనమన్నాను.

వచ్చిన వారానికి వాళ్ళమ్మ అక్కణ్ణుంచి ఫోను చేసింది. పీచు స్నానానికి వెళ్ళి ఉంది. ఫోను కత్తెరమ్మ ఎత్తింది. ఆవిడ భాషలో ఆవిడ ఏడ్చింది, ఈవిడ భాషలో ఈవిడ ఏడ్చింది. "మీరేం దిగులు పడకండి వదినగారూ, నా కంటి రెప్పలా చూసుకుంటా" అని ఈవిడ మాటిచ్చేసింది. ఒక్క ముక్క అర్థం కాకుండా వియ్యపురాళ్ళలా అంతసేపు మాట్లాడుకున్నవాళ్ళను నేను వాళ్ళనే చూశాను.

అక్కణ్ణుంచి కాపలా మొదలు. పొద్దున తానే షెడ్డు దాకా వెంట వెళ్ళి దింపేది. సాయంత్రం తానే తీసుకొచ్చేది. పీచు చొక్కా నిండా పిల్లల చీమిడీ, గంజి మరకలూ, చేతి మీద ఎవడో కొరికిన పళ్ళగాట్లూ. ఇంట్లోకి రాగానే తాళం పడేది. సెలవురోజు కత్తెరమ్మ బజారు పనికి వెళ్ళాల్సి వస్తే, పిల్లను లోపల ఉంచి బయట తాళం పెట్టి పోయేది. పీచు కటకటాలు రెండు చేతులా పట్టుకుని వీధిలోకి చూస్తూ నిలబడేది. నేను మా అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పేదాన్ని.

"ఒక తాళంచెవి దానికీ ఇవ్వొచ్చు కదే" అని కత్తెరమ్మతో ఒకసారి అన్నాను.

"భలేదానివి పెద్దమ్మా! ఇంటికొచ్చిన పిల్ల చేతిలో తాళంచెవి పెడితే, నీ తిప్పలు నువ్వు పడు అని చెప్పినట్టు కాదూ? నేను ఎదురుగా నిలబడి తలుపు తియ్యాలి గానీ."

అదే మాట పీచును అడిగితే ఇంకోలా చెప్పింది. "మా ఊళ్ళో తాళంచెవి ఇస్తే, నువ్వు మా మనిషివి అని. పిన్ని ఇవ్వలేదు. నేనింకా బయటిదాన్నే అనుకుంటా." అలా అని అడిగి తీసుకుందా అంటే అదీ లేదు. అడిగితే ఆవిడ నొచ్చుకుంటుందేమోనని ఊరుకుంది.

నెలలు గడిచాయి. పీచు మాట మారింది. కుశలమా పోయి "ఏంటమ్మమ్మా, పొద్దున్నే ఎవరి కొంప గురించి?" దాకా వచ్చింది. మొహం మాత్రం వాడుతూ వచ్చింది. సాయంత్రాలు ఆ వరండాలో కత్తెరమ్మ కుడుతుంటే ఈ పిల్ల గుండీలు కుట్టేది. ఇద్దరూ తలెత్తకుండా. ఫ్యాను గాలికి తెగిన దారప్పోగులు నేలమీద అటూ ఇటూ పోయేవి. బయట పిల్లలు ఆడుకునే చప్పుడుకు ఇద్దరి చేతులూ ఒక్కక్షణం ఆగి, మళ్ళీ కదిలేవి.

ఇంతలో కూతురు నెలలు నిండే దశకు వచ్చింది. రక్తపోటు ఎక్కువగా ఉందనీ మంచం దిగొద్దనీ డాక్టరు చెప్పిందట. అత్తగారు లేని ఇల్లు. అల్లుడు బస్సుల డిపోలో మెకానిక్కు, పగలూ రాత్రీ డ్యూటీలు మారుతుంటాయి. కూతురు రోజూ ఫోను చేసి "ఎప్పుడొస్తావమ్మా?" అనడం, కత్తెరమ్మ వంటింట్లోకి పోయి గొంతు తగ్గించి "వస్తాగా, నాకేం పనుందీ" అనడం. వస్తానన్న మనిషి కదలదు. ఒకరోజు కొలతలివ్వడానికన్న వంకతో వెళ్ళి గట్టిగా నిలదీశాను.

కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఈ పిల్లను ఒక్కదాన్నీ వదిలి ఎలా పోను పెద్దమ్మా? వాళ్ళమ్మకు మాటిచ్చాను. వేరే ఇంటికి మార్చమని మేనేజరుతో అందామంటే, నా మీద బరువైందా అని ఈ పిల్ల కుమిలిపోతుంది."

"దానికి చెప్పి చూడవే. అర్థం చేసుకుంటుంది."

"వద్దు! నా తల మీద చెయ్యి పెట్టి చెప్పు, దానితో అననని."

పెట్టాను. ఏం చేయను?

ఆ మర్నాడే అనుకుంటా, కత్తెరమ్మ రేవులో ఆరేసిన బట్టలు తెచ్చుకోవడానికి పోయింది. కటకటాల వెనక పీచు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఊరుకుంటానా?

చెప్పింది. ఊరవతల ఇటుకబట్టీల దగ్గర తల్లులు పసివాళ్ళను ఏ చెట్టునీడనో ఇటుకల గుట్ట పక్కనో పడుకోబెట్టి పని చేస్తారట. అక్కడ సంస్థవాళ్ళు కొత్త షెడ్డు వేశారు. అక్కడే ఉండి నడిపే మనిషి కావాలి. ఆ పని కోసమే తాను ఇంత దూరం వచ్చింది. మేనేజరు రెండుసార్లు అడిగాడు. తానే రానంది.

"ఎందుకే పిచ్చిపిల్లా?"

"పిన్ని ఒక్కతే ఉండలేదు అమ్మమ్మా. సాయంత్రం నేను షెడ్డులోంచి రావడం కాస్త ఆలస్యమైతే బయట నిలబడి వణికిపోతుంది. రాత్రుళ్ళు వంటింట్లో ఏడుస్తుంది, నాకు వినబడుతుంది. భర్త లేడు, కూతురు దూరం. నేనూ పోతే ఎలా? మీరు పిన్నితో అనకండి. ఒట్టు వేయండి."

ఆ ఏడుపు దేనికో నాకు తెలుసు. నోటి దాకా వచ్చింది. మింగాను. దీని తల మీద కూడా చెయ్యి పెట్టాను, కటకటాల సందులోంచి.

చూడండి నా గతి. వీధిలో ఎవరింట కుక్కర్ విజిల్ వేసినా నలుగురికీ చెప్పేదాన్ని, ఇద్దరి గుట్టూ కడుపులో పెట్టుకుని అడకత్తెరలో పోకచెక్కలా అయిపోయాను. ఒకత్తి వెళ్ళాలి, ఇంకొకత్తి కోసం ఉండిపోయింది. ఆ ఇంకొకత్తీ వెళ్ళాలి, ఈవిడ కోసం ఉండిపోయింది. "నువ్వు అన్నం సరిగ్గా తినట్లేదు, ఒంట్లో బాగాలేదా?" అని మా ఆయన అడిగాడు. ఆయనకు చెబితే ఊరికి చెప్పినట్టే. నాకంటే ఎక్కువ వాగుతాడు.

ఒక సెలవురోజు కత్తెరమ్మ లైనింగు గుడ్డ కోసం టోకు బజారుకు వెళ్ళింది. పీచు లోపల, తాళం బయట. ఛార్జింగు పెట్టిన తన ఫోను కత్తెరమ్మ ఇంట్లోనే మరిచిపోయింది. కాసేపటికి లోపల ఫోను మోగడం వినబడింది. ఆగి, మళ్ళీ మోగింది. తర్వాత పీచు పరుగున కటకటాల దగ్గరకొచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"అమ్మమ్మా! తాళం పగలగొట్టించండి!"

"ఏమైందే?"

"పిన్ని అల్లుడు. అక్కకు నొప్పులు వస్తున్నాయట, రక్తపోటు బాగా పెరిగిందట. ఆస్పత్రికి తీసుకెళ్తున్నాడు. నన్ను పిన్ని అనుకుని అరిచాడు. ఆ పిల్లను వదిలి రాలేను, ఆ పిల్లను వదిలి రాలేను అని నెలరోజుల్నుంచీ నాతో అంటూనే ఉన్నారు కదా అత్తయ్యా, ఇప్పుడన్నా వస్తారా రారా అని." ఊపిరి తీసుకుంది. "ఆ పిల్ల నేనే కదా అమ్మమ్మా?"

నేనేం మాట్లాడలేదు. తల మీద చెయ్యి పెట్టాను కదా.

ఆ ఊరికి రోజుకు ఒకటే బస్సు, పొద్దువాలే వేళకు. అప్పటికే ఎండ పడమటికి తిరిగింది. టోకు బజారంటే సందుల్లో సందులు. కత్తెరమ్మ ఏ కొట్లో కొంటుందో వీధిలో ఎవరికీ తెలియదు. ఒకటి రెండుసార్లు మూటలు మోయడానికి వెంట వెళ్ళింది పీచు ఒక్కతే. తెలిసిన మనిషేమో తాళం వెనక ఉంది.

సైకిల్ షాపతన్ని కేకేశాను. సుత్తి పట్టుకుని వచ్చాడు గానీ వెనకాడాడు. "కత్తెరమ్మ నన్ను బతకనివ్వదు పెద్దమ్మా. ఎవరిల్లు, ఎవరి తాళం!"

"కొట్టరా! ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పు."

"ఎప్పుడైనా మీ పేరే కదా చెప్పేది" అని ఒక్కటిచ్చాడు. తాళం వంగింది, ఊడలేదు. వీధి మొత్తం పోగైంది. నాలుగో దెబ్బకో అయిదో దెబ్బకో ఊడి పడింది. పీచు చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికింది. ఆ పిల్ల మా వీధిలో ఒక్కతే నడవడం అదే మొదలు. నడక కూడా కాదు, పరుగు.

ఇద్దరూ తిరిగొచ్చేసరికి ఎండ గోడలెక్కింది. కత్తెరమ్మ ముందు, గుడ్డ మూట మోస్తూ పీచు వెనక. దాచిన గుట్లన్నీ బయటపెట్టుకుని దారంతా పోట్లాడుకుంటూ వచ్చారని మొహాలే చెబుతున్నాయి. విరిగిన తాళాన్ని చూసి కత్తెరమ్మ అక్కడే ఆగిపోయింది.

"నిన్నెవరికి అప్పజెప్పి పోనే? మీ అమ్మకు మాటిచ్చాను!"

"మా అమ్మకు నేను చెప్పుకుంటా. మీ కూతురికి మీరేం చెప్పుకుంటారు?"

కత్తెరమ్మ మాట మళ్ళించింది. "ఇటుకబట్టీల సంగతి నా దగ్గర ఎన్నాళ్ళుగా దాచావు?"

"మీరు ఫోన్ల సంగతి నా దగ్గర దాచినన్నాళ్ళు."

"నీకోసమే కదే దాచింది!"

"మరి నేనెవరి కోసం దాచాను? మీరు రాత్రుళ్ళు ఏడుస్తుంటే ఒంటరితనం అనుకున్నాను."

"నాకెందుకు ఒంటరితనం? నలభై ఏళ్ళుగా ఒక్క నిమిషం ఒంటరిగా ఉన్నానా నేను!" అని అరిచేసింది కత్తెరమ్మ. అరిచి, తన మాట తనకే వినబడినట్టు నోరు మూసుకుంది.

అప్పుడు ఇద్దరూ ఒక్కసారే నావైపు తిరిగారు.

"నీకు తెలుసు కదూ పెద్దమ్మా?"

"మీకు తెలుసు కదా అమ్మమ్మా?"

"నాకెందుకు తెలుస్తాయి ఇంకొకళ్ళ సంగతులు?" అన్నాను. సైకిల్ షాపతనితో సహా వీధి వీధంతా పగలబడి నవ్వింది. కత్తెరమ్మ కూడా ఏడుస్తూనే నవ్వింది.

పీచు లోపలికెళ్ళి సంచి సర్దింది. ఏం పెట్టాలో తెలియక రెండు జతల బట్టలు, కొలతల టేపు, సగం కుట్టిన పసిపిల్లల చొక్కా, తువ్వాలు కుక్కింది. అయినా కత్తెరమ్మ కదలదు. "తాళం లేదు, ఇల్లు ఎలా వదిలి పోను?" అంటుంది. "కొత్త లైనింగు గుడ్డ వరండాలోనే ఉంది" అంటుంది. ఇన్నేళ్ళూ ఇల్లు ఆవిడను పట్టుకుందో ఆవిడే ఇంటిని పట్టుకుందో గానీ, రెంటినీ విడదీయడం నా తరం కాలేదు. చివరకు పీచు ఆవిడ రెక్క పట్టుకుని ఆటోలో కూర్చోబెట్టింది. తానూ ఎక్కింది. బస్సు కదిలేదాకా కిటికీ కింద నిలబడిందట. బస్సులోంచి కత్తెరమ్మ ఆఖరిగా అన్న మాట "గ్యాసు కట్టేశావా?" అట.

బస్సు అందింది గానీ పురుడు ఆగలేదు. తెల్లవారి ఆవిడ ఆస్పత్రి మెట్లెక్కేసరికి ఆపరేషన్ అయిపోయింది. మగపిల్లాడు. తల్లీబిడ్డా బతికి బయటపడ్డారు, అదే పదివేలు. కానీ కూతురు కళ్ళు తెరిచి "ఇప్పుడా అమ్మా రావడం?" అని గోడవైపు తిరిగిందట. ఈ మాట నాకు ఫోనులో నవ్వుతూనే చెప్పింది కత్తెరమ్మ. కూతురు మూడు రోజులు మనసిచ్చి పలకలేదని తర్వాత అల్లుడు చెప్పాడు.

పీచు ఇటుకబట్టీలకు వెళ్ళిపోయింది. అక్కడి గది మా కోళ్ళగూడు కంటే కాస్త పెద్దదట. రేకు కప్పు, మధ్యాహ్నం నిప్పుల కుంపటి. బట్టీల యజమాని సాయంత్రం గేటు మూసేస్తాడట, పొద్దున్నే తీస్తాడట. "మళ్ళీ తాళమేనటే!" అన్నాను. "అవును అమ్మమ్మా, కానీ లోపల ముప్ఫైమంది పిల్లలున్నారు" అంది. వారానికోసారి మా ఇంటికొచ్చి తల రుద్దుకుని, ఎర్రదుమ్ము వదిలించుకుని పోయేది. గడువు తీరాక తన దేశం వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఫోను చేస్తే, "విమానం దాకా ఒక్కదానివే ఎలా పోతావే? నేనొచ్చి ఎక్కించనా?" అందట కత్తెరమ్మ.

కత్తెరమ్మ మాత్రం రాలేదు. పిల్లాడికి మెడ నిలిచాక వస్తానంది. బోర్లా పడ్డాక అంది. కూతురు మళ్ళీ పనిలో చేరింది కాబట్టి పిల్లాడు నడిచాక అంటోంది ఇప్పుడు. మొన్న నేనే ఫోను చేశాను.

"కాస్త బయటికి తిరుగుతున్నావా, లేదా?"

"ఎక్కడ పెద్దమ్మా! వీడు కన్ను మూస్తే కదా."

"మీ అమ్మాయి బాగా మాట్లాడుతోందా?"

"మాట్లాడుతోంది. నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నమ్మా అంటోంది." ఆ మాటలో సంతోషముందో, ఇంకేదన్నా ఉందో, ఫోనులో తెలియలేదు. ఎదురుగా ఉంటే పట్టేసేదాన్ని.

అంతలో పిల్లాడు గుక్కపట్టాడు. ఫోను పెట్టేయడం మరిచి, ఎక్కడో పడేసి పరిగెత్తింది. నేను మాత్రం పెట్టలేదు. ఎందుకు పెడతాను? గిన్నెల చప్పుడు, కుళాయి చప్పుడు. ఎవరో తలుపు తీసుకుని వచ్చారు, కూతురే. "అమ్మా, వాణ్ణి నాకివ్వు. రోజంతా నువ్వే ఎత్తుకున్నావు. కింద పార్కులో ఆడవాళ్ళంతా నడుస్తున్నారు, నువ్వూ ఓ గంట వెళ్ళి రారాదూ?"

"నాకెందుకే నడకలు? నాకు ఇంట్లోనే హాయి. బయట ఊపిరాడదు నాకు."

ఇక నా వల్ల కాలేదు. ఈసారి నేను ఎవరి తల మీదా చెయ్యి పెట్టలేదు.

"అబద్ధం!" అని ఫోనులోకి అరిచాను. "అబద్ధం చెప్తోందే! నమ్మకు! రెక్క పట్టుకుని బయటకు నెట్టు దాన్ని!"

అవతల చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. పిల్లాడి ఏడుపు కూడా. తర్వాత కూతురి గొంతు వినబడింది, నెమ్మదిగా:

"అమ్మా... ఫోనులో ఎవరో ఉన్నారు."